‘అండ్ సన్స్’ దగ్గర ఆగిపోయిన బ్యాచ్ ఫైలు

మన ఊళ్లలో పాత దుకాణాల బోర్డులు చూడండి. యజమాని పేరు, పక్కన మెలికలు తిరిగిన ఒక గుర్తు, ఆ తర్వాత ‘సన్స్’. లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కినప్పుడు ఫోల్డరుకూ అదే పేరు పెడతారు: ఫలానా & సన్స్. విండోస్ ఏమీ అనదు. ఫైళ్ల పేర్లలో అది ఒప్పుకోని గుర్తులు తొమ్మిదే, వాటిలో & లేదు. కొన్నాళ్లకు, రోజూ రాత్రి ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులోకి కాపీ చేయడానికి ఎవరో రెండు లైన్ల బ్యాచ్ ఫైలు (విండోస్ వరుసగా నడిపే కమాండ్ల జాబితా) రాసిస్తారు.

సెట్ ఖాతా=ఫలానా & సన్స్
ఎక్స్‌కాపీ డి:\లెక్కలు\%ఖాతా% ఇ:\నకలు /ఎస్ /ఐ

(కమాండ్లను ఈ వ్యాసంలో తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. గుర్తులు మాత్రం ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే.)

డబుల్ క్లిక్ చేస్తే నల్లటి తెర మీద ఒక ఫిర్యాదు వస్తుంది: ‘సన్స్’ అనే కమాండ్ ఏదీ తనకు తెలియదని. దుకాణదారుకు ఇది వింతగానే ఉంటుంది. సన్స్‌ను కమాండ్ అని ఎవరన్నారు? కంప్యూటర్ లెక్క వేరు. దాని దృష్టిలో & అంటే ‘ఇక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, రెండోది మొదలైంది’ అని. కాబట్టి మొదటి లైను రెండు ముక్కలైంది. ఖాతా అనే పేరులోకి ‘ఫలానా’, దాని చివర ఒక ఖాళీ చేరాయి. మిగిలిన ‘సన్స్’ను ప్రోగ్రామ్ అనుకుని వెతికారు, దొరకలేదు. రెండో లైను లేని ఫోల్డరును కాపీ చేయబోయి చతికిలబడింది.

ఇక్కడ సాధారణంగా దొరికే సలహా ‘కోట్స్ పెట్టండి’ అన్నది. పెడతారు. కొంత పని జరుగుతుంది, ఇంకోచోట విరుగుతుంది. అప్పుడు ‘క్యారెట్ పెట్టండి’ అంటారు, అంటే తర్వాతి గుర్తును మామూలు అక్షరంగా తీసుకోమనే ^ గుర్తు. అదీ ఒకచోట పనిచేసి ఇంకోచోట మొరాయిస్తుంది. చివరికి బ్యాచ్ ఫైళ్లు రాసేవాళ్ల దగ్గర చిట్కాల మూట ఒకటి తయారవుతుంది. ఏది ఎందుకు పనిచేస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో ఈ మూటంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ గుర్తును ఎప్పుడు చదువుతారు? దాని అర్థం ఏమిటన్న ప్రశ్న ఆ తర్వాతే.

పూజకు సంకల్పం చెప్పించడం గుర్తు తెచ్చుకోండి. గోత్రం, పేరు దగ్గర పురోహితుడు ఆగి అడుగుతాడు. మనం చెబుతాం. ఇప్పుడు కాస్త వింత పురోహితుణ్ని ఊహించుకుందాం. ఆయన చేతిలో మంత్రాల కాగితం ఉంది, అందులో పేరు దగ్గర ఖాళీ ఉంది. క్రతువు మొదలు కాకముందే ఆ ఖాళీలో ఎవరో యజమాని పేరు రాసేశారు. ఆయన కాగితం అందుకుని మొదటి నుంచి చదువుతూ ‘స్వాహా’ అన్న మాట కనబడ్డప్పుడల్లా హోమంలో నెయ్యి వేస్తాడు. యజమాని పేరులోనే ‘స్వాహా’ ఉంటే? పేరు మధ్యలో నెయ్యి పడుతుంది. ఏది మంత్రమో ఏది పేరో ఆయనకు తెలిసే దారి లేదు, ఎందుకంటే ఆయన చేతికి వచ్చేసరికి కాగితం మీద అంతా ఒకే దస్తూరి.

శాతం గుర్తుల మధ్య రాసిన వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) సంగతి అచ్చంగా ఇదే. లైనును చదవగానే కమాండ్ ప్రాంప్ట్ (బ్యాచ్ ఫైళ్లను చదివి నడిపే విండోస్ ప్రోగ్రామ్) చేసే మొదటి పని %ఖాతా% వంటివాటిని తీసి వాటి విలువలను అతికించడం. అప్పటికి & ఏమిటో, కోట్స్ ఎక్కడున్నాయో అది చూడనే లేదు. అతికించడం పూర్తయ్యాక రెండో విడతలో లైనును ఎడమ నుంచి కుడికి చదువుతూ &, |, <, >, బ్రాకెట్లు, కోట్స్, క్యారెట్ గుర్తులకు అర్థం చెప్పుకుంటుంది. కమాండ్లు విడిపోయేది ఇక్కడే. తర్వాత ఫర్ లూపు (ఒకే పనిని ఒక్కో విలువతో మళ్లీ మళ్లీ చేయించేది) ఉంటే దాని అక్షరాలను నింపుతుంది. ఆ తర్వాత, మనం ముందుగా అనుమతి ఇచ్చి ఉంటే, ఆశ్చర్యార్థకాల మధ్య రాసిన వేరియబుళ్లను నింపుతుంది. అన్నీ అయ్యాక కమాండ్‌ను నడుపుతుంది. ఇంకా సూక్ష్మమైన దశలు ఉన్నాయి కానీ రోజువారీ తంటాలన్నీ ఈ నాలుగు మెట్ల మధ్యే.

ఈ వరుస ఒకసారి ఒంటబట్టాక చిట్కాలను బట్టీ పట్టనక్కరలేదు, మనమే రాబట్టుకోవచ్చు. శాతం గుర్తును శాతం గుర్తుగానే అచ్చు వేయాలనుకోండి. క్యారెట్ ముందు పెడితే సరిపోతుందా? పోదు. క్యారెట్‌ను చదివేది రెండో మెట్టు మీద, శాతం అప్పటికే మొదటి మెట్టు మీద ఖర్చయిపోయింది. అందుకే బ్యాచ్ ఫైలులో శాతాన్ని రెండుసార్లు రాయాలి: %%. ఇది తెలియక, తెర మీద రాసే ఎకో కమాండ్‌తో పండగ ఆఫర్ల సందేశం అచ్చు వేయబోతే ఏమవుతుందో చూడండి.

ఎకో సంక్రాంతికి 50% తగ్గింపు, పాత ఖాతాలకు 20% అదనం

తెర మీద కనిపించేది ‘సంక్రాంతికి 50 అదనం’. మొదటి శాతానికీ రెండో శాతానికీ మధ్య ఉన్నదంతా ఒక వేరియబుల్ పేరు అనుకుంది. అలాంటి పేరుతో ఏ విలువా లేదు కాబట్టి అక్కడ శూన్యాన్ని అతికించింది. తగ్గింపు మాయమైపోయింది. ఫిర్యాదు చేయలేదు, ఆగలేదు. బ్యాచ్ ఫైళ్లలో నాకు అన్నిటికన్నా చికాకు కలిగించేది ఇదే: తప్పు జరిగిందని చెప్పకుండా తప్పు చేయడం. ఇదే లైనును బ్యాచ్ ఫైలులో కాక నేరుగా ప్రాంప్ట్ దగ్గర కొడితే మాత్రం తగ్గింపు చెక్కుచెదరకుండా ఉంటుంది. అక్కడ లేని వేరియబుల్‌ను చెరపకుండా అలాగే వదిలేస్తారు, పైగా %% రెండూ రెండుగానే కనిపిస్తాయి. ఒకే ప్రోగ్రామ్, రెండు చట్టాలు. ప్రాంప్ట్ దగ్గర పరీక్షించి, బాగుందని ఫైలులో అతికించిన లైను అక్కడ తిరగబడటానికి సగం కారణం ఇది. ఫర్ లూపులో ప్రాంప్ట్ దగ్గర ఒక శాతం, ఫైలులో రెండు శాతాలు రాయవలసి రావడమూ ఇందుకే.

వెబ్ చిరునామాల్లో ఖాళీకి బదులు వచ్చే %20 కూడా ఈ కోవలోదే. బ్యాచ్ ఫైలులో %2 అంటే ఫైలుకు అందించిన రెండో విలువ. అది లేకపోతే శూన్యం. చిరునామాలో %20 ఉన్నచోట మిగిలేది ఒక ఒంటరి సున్నా.

ఇప్పుడు & సంగతికి తిరిగి వద్దాం. సరైన రాత ఇది:

సెట్ "ఖాతా=ఫలానా & సన్స్"

కోట్ ఎక్కడ మొదలైందో గమనించండి. పేరుకు ముందు. విలువ చుట్టూ మాత్రమే పెడితే కోట్స్ కూడా విలువలో భాగమైపోతాయి. ఇలా మొత్తాన్ని చుడితే విలువలోకి కోట్స్ చేరవు, లైను చివర కంటికి కనబడకుండా మిగిలిపోయిన ఖాళీలూ చేరవు. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని ఇక్కడ మానుకోవాలి. సెట్ వయసు = 5 అని రాస్తే ‘వయసు’ తర్వాత ఖాళీ ఉన్న వేరే పేరే పుడుతుంది. దానికోసం తర్వాత ఎంత వెతికినా %వయసు% దగ్గర దొరకదు.

విలువ క్షేమంగా లోపలికి చేరింది. చాలామంది ఇక నిశ్చింత అనుకునేది ఇక్కడే. వెంటనే ఎకో %ఖాతా% అని రాసి చూడండి, సన్స్ మళ్లీ కమాండ్ అయిపోతుంది. లోపలికి వెళ్లేటప్పుడు కాచిన కోట్స్ బయటికి వచ్చేటప్పుడు తోడు రావు. మొదటి మెట్టు మీద విలువను అతికించారు, రెండో మెట్టు మీద & కనబడింది, కథ మామూలే. వాడే ప్రతిచోటా మళ్లీ కోట్స్‌తో కాయాలి. ఫైళ్ల దారుల విషయంలో ఒక అదృష్టం ఉంది. డబుల్ కోట్ గుర్తు ఫైలు పేరులో ఉండటానికి వీల్లేదు, నిషిద్ధమైన తొమ్మిదింటిలో అది ఒకటి. కాబట్టి దారిని కోట్స్‌లో పెడితే లోపలి నుంచి ఎవరూ ఆ గోడను పగలగొట్టలేరు. "డి:\లెక్కలు\%ఖాతా%" అన్నది నిలబడుతుంది. మనిషి కీబోర్డు మీద కొట్టిన విలువకు ఈ భరోసా లేదు. అతను కోట్ గుర్తు కొట్టి, పక్కన & కొట్టి, పక్కన ఫైళ్లను చెరిపే కమాండ్ కొట్టాడనుకోండి, మన ఇఫ్ (‘ఇలా ఉంటే ఇది చెయ్’ అనే కమాండ్) పోలిక మధ్యలోంచి అది కమాండ్‌గా బయటపడుతుంది.

దీనికి అసలు మందు ఆశ్చర్యార్థకం. సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్ అని ఒక లైను రాసి, ఆ తర్వాత %ఖాతా% బదులు !ఖాతా! అని వాడాలి. ఇప్పుడు పురోహితుడు ఖాళీ ఉన్న కాగితాన్నే చదివాడు. నెయ్యి ఎక్కడ వేయాలో ముందే నిర్ణయించుకున్నాడు. నోటితో చెప్పే క్షణంలో మాత్రమే ‘పేరు?’ అని అడిగాడు. పేరులో స్వాహా ఉన్నా, & ఉన్నా, కోట్స్ ఉన్నా అది పేరే. ఎకో !ఖాతా! ఏ అడ్డూ లేకుండా పూర్తి పేరును అచ్చు వేస్తుంది.

ఇన్ని విడతలు ఎందుకు పెట్టారు? ఎవరూ కూర్చుని ఒక్కసారిగా ప్రణాళిక వేయలేదు, పాత ఇంటికి గదులు కలిపినట్టు కలుపుతూ పోయారు. 1981లో వచ్చిన డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్)లోనే బ్యాచ్ ఫైళ్లున్నాయి. > తో ఫైలులోకి మళ్లించడం, | తో ఒక కమాండ్ ఫలితాన్ని రెండోదానికి అందించడం 1983 నాటి డాస్ 2.0తో చేరాయి. ఇప్పుడు మనం వాడే కమాండ్ ప్రాంప్ట్ పూర్వీకుడు 1987లో ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది, విండోస్ ఎన్‌టీలోకి 1993లో అడుగుపెట్టింది. ఆశ్చర్యార్థకాల పద్ధతి విండోస్ 2000తో కానీ రాలేదు. ప్రతి కొత్త గదీ పాత గోడకు చెయ్యి తగలకుండా కట్టారు. అప్పటికే లక్షల కంప్యూటర్లలో పనిచేస్తున్న పాత ఫైళ్లు ఆగిపోకూడదు కదా. శాతం గుర్తు ప్రవర్తనను సరిదిద్దలేక, పక్కన ఇంకో గుర్తును నిలబెట్టారు.

శాతం తొందరపాటు బాగా బయటపడేది బ్రాకెట్ల దగ్గర. ఇఫ్, ఫర్ తర్వాత బ్రాకెట్ తెరిస్తే, అది మూతపడేదాకా ఉన్న లైన్లన్నీ ఒకే లైనుగా లెక్క. అన్నిటిలోని శాతాలనూ ఒకేసారి, లోపల ఏదీ నడవకముందే నింపేస్తారు.

సెట్ మొత్తం=0
ఫర్ %%క ఇన్ (10 20 30) డు (
సెట్ /ఎ మొత్తం=%మొత్తం%+%%క
)
ఎకో %మొత్తం%

జవాబు 60 రావాలి, 30 వస్తుంది. లూపు మొదలు కాకముందే %మొత్తం% స్థానంలో 0 కూర్చుంది. ఆపైన మూడుసార్లూ 0+10, 0+20, 0+30 అనే చేసింది. చివరిది మిగిలింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘వేరియబుల్ మారడం లేదు’ అంటారు. అది నిక్షేపంగా మారుతోంది, మనం చూస్తున్నది పాత ఫొటో. %మొత్తం% బదులు !మొత్తం! అని రాస్తే ప్రతి చుట్టులోనూ తాజా విలువ వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణకైతే అదీ అక్కర్లేదు. సెట్ /ఎ లెక్కల్లో పేరును గుర్తులేమీ లేకుండా ఉత్తగా రాసినా అది స్వయంగా విలువ వెతుక్కుంటుంది.

బ్రాకెట్లతో ఇంకో ప్రసిద్ధమైన ప్రమాదం ఉంది. అరవై నాలుగు బిట్ల విండోస్‌లో పాత తరహా ప్రోగ్రాములు ఉండే ఫోల్డరు పేరు ‘ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)’. ప్రోగ్రాములను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ అనే వేరియబుల్‌లో ఈ పేరు తరచుగా ఉంటుంది. ఇఫ్ బ్రాకెట్ల మధ్య సెట్ పాత్=%పాత్%;... అని రాశారనుకోండి. విలువ అతికించాక లైనులో ఎక్స్86 తర్వాత ఒక మూసే బ్రాకెట్ కనబడుతుంది. మన ఇఫ్ అక్కడితో ముగిసిందని ప్రాంప్ట్ నమ్ముతుంది. మిగిలిన తోకను చూసి ‘ఇది ఈ సమయంలో అనుకోనిది’ అని ఆగిపోతుంది. రాసినవాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫోల్డరు పాత్‌లో లేకపోతే బాగానే నడుస్తుంది, కొనుక్కున్నవాళ్ల దగ్గర పడిపోతుంది. మళ్లీ అదే కోట్స్ మందు: సెట్ "పాత్=%పాత్%;...". కాకపోతే పాత్ విలువలోనే ఎవరో కోట్స్ పెట్టి ఉంటే ఆ గోడ కూడా కూలుతుంది.

ఆశ్చర్యార్థకం అన్నిటికీ పరిష్కారం అయితే బాగుండేది. మెట్ల వరుస మళ్లీ చూడండి: ఫర్ అక్షరాలను నింపేది ముందు, ఆశ్చర్యార్థకాలను చదివేది తర్వాత. కాబట్టి పాటల ఫోల్డరులో ‘పదండి ముందుకు!’ అని పేరున్న ఫైలు ఉంటే, %%ఫ స్థానంలో ఆ పేరు చేరాక అందులోని ! ను వేరియబుల్ గుర్తుగా చదివి మింగేస్తుంది. ఆ తర్వాత ‘ఫైలు లేదు’ అంటుంది. ఉన్న ఫైలే, పేరులో ఒక గుర్తు తగ్గింది. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని ఇలా దాటతారు:

సెట్‌లోకల్ డిజేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్
ఫర్ %%ఫ ఇన్ (*.ఎంపీ3) డు (
సెట్ "ఫైలు=%%ఫ"
సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్
ఎకో !ఫైలు!
ఎండ్‌లోకల్
)

పేరును పట్టుకునేటప్పుడు అనుమతి మూసి ఉంచడం, వాడేటప్పుడు తెరవడం, వెంటనే మూయడం. చూడటానికి తలుపు దగ్గర కాపలావాడి పనిలా ఉంటుంది, నిజానికి అదే. ఎండ్‌లోకల్ మర్చిపోతే మొదట్లో ఏమీ తెలియదు. సెట్‌లోకల్‌ను 32 మెట్ల లోతు దాకానే పేర్చనిస్తారు, ముప్ఫై కొన్ని పాటల తర్వాత ఫైలు హఠాత్తుగా గోల పెడుతుంది. ఇంకో మెలిక: తెరిచి మూసిన మధ్యలో మార్చిన విలువలన్నీ ఎండ్‌లోకల్‌తో పాటే పోతాయి. పాటలను లెక్కపెట్టాలనుకుంటే లెక్కపెట్టే లైను ఆ రెంటి మధ్య ఉండకూడదు.

అనుమతి తెరిచి ఉండగా ఆశ్చర్యార్థకాన్ని అక్షరంగా అచ్చు వేయాలంటే, కోట్స్ బయట ^^! అని, కోట్స్ లోపల ^! అని రాయాలి. బట్టీ పట్టేవాళ్లకు ఇది తలనొప్పి. మెట్లు తెలిసినవాళ్లకు సూటిగా ఉంటుంది. కోట్స్ బయట రెండో మెట్టు ఒక క్యారెట్‌ను తినేస్తుంది, నాలుగో మెట్టు కోసం ఇంకొకటి మిగలాలి. కోట్స్ లోపల రెండో మెట్టు క్యారెట్ జోలికి రాదు, ఒకటి చాలు.

గుర్తులు కాకపోయినా గుర్తుల్లా ప్రవర్తించే అంకెలున్నాయి. ఎకో %లెక్క%>ఫలితం.టెక్స్ట్ అన్న లైను నెలలపాటు సరిగ్గా నడిచి, ఒకరోజు ఖాళీ ఫైలును మిగులుస్తుంది. ఆ రోజు లెక్క 2 అయివుంటుంది. ఖాళీ తర్వాత ఒంటరిగా వచ్చి > ను ఆనుకున్న అంకెను అది అచ్చు వేయవలసిన సంఖ్య అనుకోదు, ఏ ప్రవాహాన్ని మళ్లించాలో చెప్పే నంబరు అనుకుంటుంది. 2 అంటే తప్పుల సందేశాల ప్రవాహం. 12 అయితే ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే 2 కు ముందు ఖాళీ లేదు, 1 ఉంది. మళ్లింపును ముందుకు తెచ్చి >ఫలితం.టెక్స్ట్ ఎకో %లెక్క% అని రాస్తే బెడద తీరుతుంది.

తేదీలు, గంటలు ఇంతకన్నా గడుసువి. సెట్ /ఎ కు సున్నాతో మొదలయ్యే సంఖ్య అష్టాంశ పద్ధతిలోది, అంటే అందులో 0 నుంచి 7 వరకే అంకెలుంటాయి. నెలను 01, 02 అని తీసి లెక్కల్లో పెట్టిన ఫైలు జనవరి నుంచి జూలై దాకా నడుస్తుంది, ఆగస్టులో 08 చూసి చెల్లని సంఖ్య అంటుంది, సెప్టెంబరులోనూ అంతే, అక్టోబరులో మళ్లీ తనంతట తానే బాగైపోతుంది. ఎవరికైనా గాలి సోకిందేమో అనిపించే వ్యాధి. ముందు 1 తగిలించి వంద తీసేయడం దీనికి వాడుకలో ఉన్న ఉపాయం: సెట్ /ఎ నెల=1%నెల%-100. ఇక %టైమ్% లో ఉదయం పది గంటల లోపు మొదటి అంకె స్థానంలో సున్నా బదులు ఖాళీ వస్తుంది. దానితో ఫైలు పేరు కట్టి కోట్స్ పెట్టకపోతే, రాత్రి పదింటికి నడిచే నకలు తెల్లవారుజామున ఐదింటికి నడవదు. %డేట్% అయితే కంప్యూటర్ ప్రాంతీయ అమరికను బట్టి మారుతుంది. మన దేశపు అమరికలో రోజు ముందు, మధ్యలో చిన్న గీతలు. అమెరికా అమరికలో నెల ముందు, మధ్యలో ఏటవాలు గీతలు, అవి ఫైలు పేరుకు పనికిరావు. హైదరాబాదులో రాసి డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకు పంపిన ఫైలు అక్కడ పనిచేయకపోతే ఆయన కంప్యూటర్‌ను అనుమానించకండి.

మరి తెలుగు అక్షరాలు? వాటితోనూ గొడవ ఉంది కానీ వేరే రకం. బ్యాచ్ ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) దాచితే ప్రతి తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు మూడు బైట్లవుతాయి. కమాండ్ ప్రాంప్ట్ ఆ ఫైలును తన అప్పటి కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం చదువుతుంది. అది పాత 437 అయితే ఒక్క ‘అ’ మూడు ముక్కలుగా కనిపిస్తుంది: గ్రీకు ఆల్ఫా, చుక్కల డబ్బా, తల మీద గీతతో ఒక ఇంగ్లీషు అక్షరం. తెలుగు పేరంతా ఆల్ఫాల, డబ్బాల తోరణంలా మారుతుంది, ఆ పేరుతో ఫోల్డరు ఎక్కడా దొరకదు. ఫైలు మొదట్లో సిహెచ్‌సిపి 65001 అని రాస్తే యూటీఎఫ్-8 చదువుతుంది. పాత తెరలో అక్షరాల బదులు గళ్లు కనిపించినా కంగారు పడక్కర్లేదు, అది ఫాంటు లోపం. కాపీ మాత్రం సరైన ఫోల్డరుకే జరుగుతుంది. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 ఫైళ్ల మొదట్లో కనబడని మూడు బైట్ల ముద్ర వేసేది, దానివల్ల మొదటి లైనే తెలియని కమాండ్ అయిపోయేది. 2019 మే నాటి విండోస్ 10 నవీకరణ నుంచి నోట్‌ప్యాడ్ ఆ ముద్ర లేకుండానే దాస్తోంది.

ఒక మంచి విషయం కూడా చెప్పాలి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లేవీ &, %, ^ బైట్లతో కలవవు, ఆ పద్ధతి నిర్మాణమే అంత. జపాను వాళ్ల పాత షిఫ్ట్-జిస్ పద్ధతిలో కొన్ని అక్షరాల రెండో బైటు సరిగ్గా వెనకవాలు గీత అయ్యేది. పేరులో మామూలు అక్షరం రాస్తే కంప్యూటర్ ఫోల్డరు గీత అనుకునేది. ఆ అవస్థ మనకు తప్పింది.

ఇంతవరకు చెప్పుకున్నది కమాండ్ ప్రాంప్ట్ ఒక్కదాని చదువు. దాని నాలుగు మెట్లూ దాటి వచ్చిన లైనును విండోస్ ముక్కలు చేయదు, ఒకే తాడులా, ఆ కమాండ్ పిలిచిన ప్రోగ్రామ్ చేతికి ఇస్తుంది. కోట్స్ ఎక్కడ, ఖాళీలు ఎక్కడ అని ఆ ప్రోగ్రామ్ తన పద్ధతిలో మళ్లీ చదువుకుంటుంది. ఫోల్డర్లను కాపీ చేసే రోబోకాపీ ప్రోగ్రామ్‌కు "%~dp0" అని ఇచ్చి దెబ్బతిన్నవాళ్లు చాలామంది (ఈ డీ, పీ అక్షరాలను మాత్రం ఉన్నవున్నట్టు రాయక తప్పలేదు, బ్యాచ్ ఫైలు ఉన్న ఫోల్డరు దారి అని దాని అర్థం). ఆ దారి ఎప్పుడూ వెనకవాలు గీతతో ముగుస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌కు ఆ గీత మామూలు అక్షరమే. రోబోకాపీకి మాత్రం గీత పక్కన కోట్ ఉంటే ‘ఈ కోట్ కూడా పేరులో భాగం’ అని అర్థం. అక్కణ్నుంచి లైనంతా తలకిందులు. గీత తర్వాత ఒక చుక్క పెట్టి "%~dp0." అని రాస్తే ఇద్దరూ శాంతిస్తారు.

ఈ ఇద్దరి చదువుల తేడా 2024 ఏప్రిల్‌లో పెద్ద భద్రతా సమస్యగా బయటపడింది. వేరే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఒక బ్యాచ్ ఫైలును నడిపితే, విండోస్ చడీచప్పుడు లేకుండా మధ్యలోకి కమాండ్ ప్రాంప్ట్‌ను పిలుస్తుంది. ఆ భాషల లైబ్రరీలు (తయారుగా ఉన్న కోడ్ సముదాయాలు) విలువలను మామూలు ప్రోగ్రాములు చదివే పద్ధతికి తగ్గట్టు కోట్స్‌లో కట్టి పంపుతాయి. కమాండ్ ప్రాంప్ట్‌కు ఆ కట్టు అర్థం కాదు. బయటివాళ్లు పంపిన విలువలో తగిన చోట కోట్, & పెడితే తమకు నచ్చిన కమాండ్ నడిపించగలిగేవారు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీనికి పదికి పది తీవ్రత ఇచ్చారు, 1.77.2 వెర్షన్‌తో సరిచేశారు. ఆ సరిచేసిన తీరు చూడండి. అన్ని సందర్భాల్లోనూ సరిగ్గా కట్టే పద్ధతి తమకు దొరకలేదని ఒప్పుకుని, క్షేమంగా కట్టలేని విలువ వస్తే నడపకుండా తప్పు అని తిప్పి పంపేలా చేశారు. అంతటి నిపుణులే చేతులెత్తేసిన చోట మన చిట్కాల మూటను ఎంత నమ్మాలో ఊహించుకోవచ్చు.

విండోస్‌లో కమాండ్లు నడిపే కొత్త తరం సాధనం పవర్‌షెల్ 2006 నుంచి ఉంది. అందులో వేరియబుల్ విలువ విలువగానే ఉంటుంది, కమాండ్‌గా మారిపోదు. పేజీ దాటిన పని ఏదైనా అందులో రాయడమే మేలని నా అభిప్రాయం. అయినా బ్యాచ్ ఫైళ్లు పోవు. డబుల్ క్లిక్ చేస్తే నడుస్తాయి, పవర్‌షెల్ ఫైలు మామూలుగా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. దుకాణదారుకు కావలసింది డబుల్ క్లిక్కే.

ఏదైనా ఫైలు మొరాయించినప్పుడు నేను మొదట చేసే పని, కమాండ్లను తెర మీద చూపించవద్దని చెప్పే @ఎకో ఆఫ్ అన్న లైనును తీసేయడం. అప్పుడు నడిపే ప్రతి లైనునూ తెర మీద చూపిస్తుంది. శాతాలన్నీ అప్పటికే నిండి కనిపిస్తాయి, ఆశ్చర్యార్థకాలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. మెట్ల వరుస కళ్లెదుటే. మన దుకాణం ఫైలు తప్పు కూడా అక్కడే తేలిపోతుంది: ఒక లైను రాశాం, రెండు కమాండ్లు కనిపిస్తాయి. దాన్ని సరిచేసి రాస్తే ఇలా ఉంటుంది.

@ఎకో ఆఫ్
సెట్‌లోకల్ డిజేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్
సిహెచ్‌సిపి 65001 >నల్
సెట్ "ఖాతా=ఫలానా & సన్స్"
సెట్ "గంట=%టైమ్:~0,2%"
సెట్ "గంట=%గంట: =0%"
ఎక్స్‌కాపీ "డి:\లెక్కలు\%ఖాతా%" "ఇ:\నకలు\%గంట%" /ఎస్ /ఐ

ఆరో లైను గంటలోని ఖాళీని సున్నాగా మారుస్తుంది. రెండో లైను ఆశ్చర్యార్థకాల అనుమతిని కావాలనే మూసి ఉంచుతుంది, ఇక్కడ వాటితో పని లేదు. ఫోల్డరు పేరులోంచి ఆ & తీసేస్తే ఇదంతా తప్పేది కదా అని దుకాణం వాళ్లను అడగవచ్చు. బోర్డు మీద కొడుకులను చేర్చుకున్న తండ్రి దానికి ఒప్పుకోడు.